చికిత్స ఇంగ్లీషులో, గొడవ తెలుగులో: సింగపూరు తెలుగు సమాజానికి బహిరంగ లేఖ

సింగపూరు తెలుగు సమాజం అధ్యక్షులకు, కార్యవర్గ సభ్యులకు,



1975లో పుట్టిన మన సమాజం యాభై ఏళ్ళు దాటింది. నాలాంటి ఎన్నో కుటుంబాలకు ఈ ఊళ్ళో మొదటి పరిచయాలు ఉగాది వేడుకల్లోనే దొరికాయి. ఈ ఉత్తరం మాత్రం పండగ గురించి కాదు. పన్నెండు, పదమూడు దాటిన మన పిల్లల్లో కొందరికి వచ్చే ఒక జబ్బు గురించి. దాని పేరు బోర్డర్‌లైన్ పర్సనాలిటీ డిజార్డర్. డాక్టర్లు పొట్టిగా బీపీడీ అంటారు.

ఇలాంటివి ఆరోగ్య శాఖకో విద్యాశాఖకో రాసుకోవాలి గానీ మాకెందుకు అని మీరనుకోవచ్చు. ప్రభుత్వం తన పని చాలావరకు మొదలుపెట్టింది. ప్రభుత్వానికి చేతకాని పని ఒకటి మిగిలిపోయింది, అది మీకు చేతనవుతుంది. అదేమిటో చెప్పేముందు జబ్బు సంగతి కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే మన ఇళ్ళలో దీన్ని జబ్బుగా చూసేవాళ్ళు తక్కువ. నేను డాక్టర్ని కాను. ఈ వయసు పిల్లలున్న తల్లిని, చదివి తెలుసుకున్నది రాస్తున్నాను.

మానసిక వైద్యులు ఈ జబ్బుకు తొమ్మిది లక్షణాలు చెబుతారు. వాటిలో ఐదుంటే బీపీడీ అంటారు. మనవాళ్ళు వదిలేసిపోతారన్న భయం తట్టుకోలేనంతగా ఉంటుంది. పొద్దున ప్రాణస్నేహితురాలైన పిల్ల సాయంత్రానికి ముఖం చూడకూడని మనిషవుతుంది. తనెవరో, తనకేం కావాలో నిలకడ ఉండదు. మనసు గంటగంటకూ మారుతుంది. లోపలంతా ఖాళీగా ఉందంటారు. కోపం వస్తే అదుపుండదు. ఆవేశంలో ప్రమాదకరమైన పనులు చేస్తారు. ఒత్తిడి పెరిగినప్పుడు కాసేపు అందరూ తనకు వ్యతిరేకమేనన్న అనుమానమో, తాను తనలో లేనట్టున్న స్థితో కమ్ముతుంది. అన్నిటికన్నా భయపెట్టేది, తమకు తాము హాని చేసుకోవడం, చచ్చిపోతాననడం, ఒక్కోసారి ప్రయత్నించడం.

ఈ వయసులో అందరికీ కోపమొస్తుంది, అందరూ తలుపు ధడేల్మని వేస్తారు. అదంతా బీపీడీ కాదు. పద్దెనిమిదేళ్ళ లోపు పిల్లలకు ఈ పేరు పెట్టాలంటే లక్షణాలు కనీసం ఏడాదిపాటు ఆగకుండా ఉండాలి. ఇంట్లో ఒకలా, బళ్ళో ఇంకోలా కాకుండా అన్నిచోట్లా కనబడాలి. చదువూ స్నేహాలూ నిద్రా దెబ్బతినాలి. ఇది తేల్చాల్సింది డాక్టరు. తల్లిదండ్రులూ కాదు, ఇన్‌స్టాగ్రామూ కాదు, సమాజమూ కాదు. క్లినిక్కులకు వచ్చేవాళ్ళలో ఆడపిల్లలే ఎక్కువ కనబడతారు. అయితే అమెరికాలో మామూలు జనంలో చేసిన పెద్ద సర్వేలో ఆడా మగా తేడా అంతగా తేలలేదు. మగపిల్లాడిలో ఇదే బాధ గొడవలుగా, గోడను గుద్దడంగా బయటపడితే మనం దానికి ‘పొగరు’ అని పేరుపెట్టి ఊరుకుంటాం.

పద్దెనిమిది నిండేదాకా ఆగాలని ఒకప్పుడు చాలామంది వైద్యులే అనుకునేవారు. వ్యక్తిత్వం ఇంకా తయారవుతున్న పిల్లల మీద ఇంత బరువైన ముద్ర ఎందుకన్నది వాళ్ళ సంకోచం. అందులో న్యాయం లేకపోలేదు. ఆ పేరు పడ్డవాళ్ళను ‘కష్టమైన పేషెంట్లు’ అని ఆసుపత్రుల్లోనే చిన్నచూపు చూసిన రోజులున్నాయి. కానీ ఆలోచన మారింది. ఇంగ్లండ్, ఆస్ట్రేలియా వైద్య మార్గదర్శకాలు కౌమారంలోనే గుర్తించి చికిత్స మొదలుపెట్టమంటున్నాయి. 2022లో అమల్లోకొచ్చిన ప్రపంచ ఆరోగ్య సంస్థ కొత్త వర్గీకరణ, ఐసీడీ-11 కూడా వయసు అడ్డు పెట్టలేదు. మెల్‌బోర్న్‌లో ఆండ్రూ చానెన్ బృందం ‘హైప్’ అనే క్లినిక్కును ఇరవై ఏళ్ళకు పైగా ఈ పిల్లలకోసమే నడుపుతోంది. ముద్ర పడుతుందని వెనకాడేవాళ్ళకు నాదొక మాట. డాక్టరు పేరు పెట్టకపోతే ఆ పిల్లకు పేరు లేకుండా పోదు. ‘మొండి’, ‘నాటకాలు’, ‘బెదిరిస్తోంది’, ‘తిండెక్కువై’ అని మనమే నాలుగు పేర్లు పెట్టేసి ఉంటాం. వాటిలో ఒక్కదానికీ చికిత్స లేదు.

బీపీడీకి చికిత్స ఉంది. అసలు ఈ ఉత్తరం రాసే ధైర్యం నాకు అక్కడినుంచే వచ్చింది. అమెరికాలో మెక్లీన్ ఆసుపత్రిలో మేరీ జనరీని బృందం ఆసుపత్రి పాలైన 290 మంది రోగులను ఏళ్ళ తరబడి గమనించింది. పదేళ్ళలో 93 శాతం మందికి లక్షణాలు తగ్గి, కనీసం రెండేళ్ళు తగ్గినట్టే ఉన్నాయి. అదే సమయంలో ఉద్యోగం, బంధాలు అన్నీ కూడా కుదుటపడ్డవాళ్ళు సగం మందే. అంటే తుఫాను తగ్గుతుంది, కానీ అప్పటికే చదువు ఆగిపోయి, స్నేహాలు తెగిపోయి ఉంటే వాటిని మళ్ళీ కూడదీసుకోవడం కష్టం. పదిహేనేళ్ళప్పుడే పట్టుకోవాలనడానికి ఇంతకన్నా కారణం అక్కర్లేదు.

ఈ జబ్బుకోసమే ఆమోదం పొందిన మందు ఇంతవరకూ లేదు. తోడుగా వచ్చే దిగులుకో నిద్రలేమికో మందులిస్తారు. అసలు వైద్యం మాటలతో, అభ్యాసంతో జరుగుతుంది. అందులో ఎక్కువ పేరున్నది డయలెక్టికల్ బిహేవియర్ థెరపీ, పొట్టిగా డీబీటీ. దాన్ని తయారుచేసిన మార్షా లైనహన్ 1961లో, పదిహేడేళ్ళ వయసులో, కనెటికట్‌లోని ఒక మానసిక వైద్యశాలలో చేరి రెండేళ్ళకు పైగా అక్కడే ఉంది. తర్వాత సైకాలజీ చదివి, ప్రొఫెసరై, తనలాంటివాళ్ళకు పనికొచ్చే వైద్యాన్ని కట్టింది. 1991లో దాని మీద మొదటి పెద్ద పరీక్ష ఫలితాలు వచ్చాయి. తన కథను బయటపెట్టింది మాత్రం 2011లో, అదే ఆసుపత్రిలో నిలబడి. అంత పేరున్న మనిషికే యాభై ఏళ్ళు పట్టింది. మన పుంగోల్‌లోనో తాంపినీస్‌లోనో ఉన్న ఒక అమ్మ, పక్కింటి తెలుగువాళ్ళకు కూడా చెప్పుకోలేకపోవడంలో వింతేముంది?

లైనహన్ చెప్పిన మూలకారణం రెండు పాయలు. ఒకటి పుట్టుకతో వచ్చే మనస్తత్వం. కవలల మీద జరిగిన అధ్యయనాలు ఇందులో వంశపారంపర్యం వాటా దాదాపు సగమని చెబుతున్నాయి. మనకు మామూలుగా వినబడే మాట ఈ పిల్లలకు మైకు పెట్టి చెవిలో అరిచినట్టుంటుంది. రెండోది, ఆ బాధను బాధగా ఒప్పుకోని వాతావరణం. తల్లిదండ్రులు చెడ్డవాళ్ళని దీనర్థం కాదు. మామూలు పిల్లలకు సరిపోయే పెంపకమే ఈ పిల్లలకు సరిపోదు. పిల్ల ఏడుస్తుంది, పెద్దవాళ్ళకు కారణం చిన్నదిగా కనబడుతుంది, కొట్టిపారేస్తారు. పిల్ల ఇంకా గట్టిగా ఏడుస్తుంది, పెద్దవాళ్ళు భయపడి దిగొస్తారు. గట్టిగా ఏడిస్తేనే వింటారని ఆ పిల్లకు తెలియకుండానే పాఠం పడుతుంది.

అందుకే కౌమార వయసు వాళ్ళకోసం ఆలెక్ మిల్లర్, జిల్ రేథస్ మలిచిన డీబీటీలో తల్లిదండ్రులు కూడా పిల్లలతోపాటు క్లాసులో కూర్చుంటారు. మరీ గారాబమూ కాక, మరీ కట్టుబాటూ కాక నడిమి దారిలో నడవడం అందులో ఒక పాఠం. నార్వేలో లార్స్ మేలుమ్ బృందం తమకు తాము పదేపదే హాని చేసుకుంటున్న 77 మంది పిల్లల మీద ఈ పద్ధతిని పరీక్షించి 2014లో ఫలితాలు ప్రకటించింది. మామూలు చికిత్స అందుకున్న పిల్లలతో పోలిస్తే పందొమ్మిది వారాల్లో డీబీటీ పిల్లల్లో హాని చేసుకోవడం బాగా తగ్గింది. ఇంకో కబురు మనకు ముఖ్యం. చానెన్ బృందం 2022లో ప్రచురించిన పరీక్షలో ప్రత్యేకమైన సైకోథెరపీ లేకున్నా, త్వరగా గుర్తించి, ఓపిగ్గా, పద్ధతిగా అండగా నిలిస్తే యువతీయువకులు దాదాపు అంతే బాగుపడ్డారు. గొప్ప నిపుణులు దొరికేదాకా చేతులు కట్టుకు కూర్చోనక్కర్లేదన్నమాట.

ఇక మన సంగతి. సింగపూరులో డీబీటీ తెలిసిన సైకాలజిస్టులున్నారు. వాళ్ళు ఇంగ్లీషులో చెబుతారు, పిల్లకు ఇంగ్లీషు బాగా వచ్చు, తండ్రి ఆఫీసులో రోజంతా ఇంగ్లీషే మాట్లాడతాడు. అక్కడంతా బాగానే ఉంటుంది. ఇంటికొచ్చాక రాత్రి తొమ్మిదింటికి మార్కుల దగ్గరో ఫోను దగ్గరో మాట పెరిగినప్పుడు ఆయనకు ఇంగ్లీషు గుర్తుండదు. కోపం తెలుగులో వస్తుంది. వాళ్ళ నాన్న ఆయన్ను తిట్టిన మాటలే ఆయన నోట వస్తాయి. ఆర్నెల్లకని వచ్చిన నాయనమ్మ గదిలోంచి ఇంకో మాట కలుపుతుంది. పిల్లకు బళ్ళో మాతృభాష కింద దొరికింది హిందీయో తమిళమో. ఇక్కడి బళ్ళలో బెంగాలీ, గుజరాతీ, పంజాబీ, ఉర్దూ కూడా చదువుకోవచ్చు, తెలుగుకు ఆ చోటు రాలేదు. ఆ పిల్లకు తెలుగంటే ఇంట్లో వినబడే మాటలే. అవి కూడా ఎక్కువగా తిట్లూ పోలికలూ అయితే ఆ భాషలో ఆమెకు మిగిలేది ఏమిటి?

మనం వాడే మాటలు మీకు తెలియనివి కావు. ‘తిండికి లోటా, బట్టకు లోటా, ఏం తక్కువైంది నీకు?’ ‘ఇంత చిన్నదానికే ఏడుపా?’ ‘నీ కోసమే కదా ఉన్న ఊరొదిలి వచ్చింది.’ ‘నలుగురూ ఏమనుకుంటారు?’ ‘మా కాలంలో ఇవన్నీ ఉన్నాయా?’ ఇవి అనేవాళ్ళు ప్రేమ లేనివాళ్ళు కారు. ప్రేమ ఉండబట్టే భయపడి అంటారు. కానీ వినే పిల్లకు చేరేది ఒక్కటే, నీ బాధ అబద్ధమని.

వీటికి బదులు ఏమనాలో తెలుగులో నేర్చుకోవాలి, నేర్చుకోవచ్చు. ‘నీకు చాలా కష్టంగా ఉన్నట్టుందమ్మా. నేనిక్కడే కూర్చుంటా, చెప్పాలనిపిస్తే చెప్పు.’ ‘వాళ్ళు నిన్ను పిలవకుండా వెళ్ళారంటే బాధేస్తుంది మరి.’ ఒప్పుకోవడమంటే అన్నిటికీ తలూపడం కాదు. ‘నీ కోపం నాకర్థమైంది, వస్తువులు విసరడం మాత్రం కుదరదు’ అని రెండూ ఒకే గుక్కలో చెప్పొచ్చు. ‘చచ్చిపోవాలనిపిస్తోందా నాన్నా?’ అని నేరుగా అడగడం కూడా నేర్చుకోవాలి. అడిగితే లేని ఆలోచన పుట్టించినట్టవుతుందని మన భయం. అలా పుట్టదని పరిశోధనలు చెబుతున్నాయి. అడిగేవాళ్ళుంటే చెప్పుకునేందుకు దారి దొరుకుతుంది.

నడిమి దారి అన్నది కూడా మనకు కావలసిన పాఠమే. సోమవారం నెలరోజులపాటు ఫోను లాగేసుకుంటాం. గురువారం పిల్ల ఏదైనా చేసుకుంటుందేమోనని కొత్త ఫోను కొనిస్తాం. తండ్రి ‘నువ్వే గారాబం చేసి చెడగొట్టావు’ అంటాడు, తల్లి ‘మీ కోపమే దాన్నిలా చేసింది’ అంటుంది. ఇద్దరూ ఒక మాట మీద ఉండటమే ఆ పిల్లకు సగం వైద్యం.

మనలో తిరిగే ఒక సలహా గురించి ప్రత్యేకంగా చెప్పాలి. ‘ఇండియా పంపించెయ్యండి, హాస్టల్లో పడేస్తే దారికొస్తుంది’ అంటారు. అమ్మమ్మ దగ్గర నాలుగు రోజులుంటే కుదుటపడే పిల్లలూ ఉంటారు, కాదనను. కానీ నన్ను వదిలేస్తారన్న భయంతోనే అల్లాడుతున్న పిల్లను విమానం ఎక్కించి పంపేస్తే, ఆమె భయాన్ని మనమే చేతులారా నిజం చేసినట్టు. డాక్టరును అడగకుండా ఆ పని ఎవరూ చేయవద్దని మీరు వేదికమీద ఒక్కసారి చెప్పినా ఎంతో మేలు.

మనవాళ్ళు డాక్టరు దగ్గరికి వెళ్ళకపోవడానికి భయాలున్నాయి. మొదటిది మానసిక ఆసుపత్రి పేరు. హైదరాబాదులో ‘ఎర్రగడ్డ’ అంటే తిట్టు. ఇక్కడ చాలాకాలం ‘వుడ్‌బ్రిడ్జ్’ అన్నా అంతే. 1928లో మొదలైన ఆ ఆసుపత్రి 1993లో బ్వాంగ్‌కాక్‌కు మారి ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ మెంటల్ హెల్త్ అయింది. ఎర్రగడ్డ ఆసుపత్రికీ అదే పేరు. పేరు మారినంత తేలిగ్గా జనం నోరు మారదు, సరే. కానీ పిల్లలకు మొదటి మెట్టు ఆ గేటు కాదు. ప్రతి ప్రభుత్వ బళ్ళోనూ కౌన్సెలర్ ఉంటారు. 2007 నుంచి ‘రీచ్’ అనే మానసిక ఆరోగ్య బృందాలు బడులతో కలిసి పనిచేస్తున్నాయి. 2009 నుంచి ‘చాట్’ అనే సేవ పదహారు నుంచి ముప్పై ఏళ్ళ వాళ్ళకు ఉచితంగా, గుట్టుగా మానసిక ఆరోగ్య పరీక్ష చేస్తోంది. అవసరమైతే పిల్లల మానసిక వైద్యం చూసే చైల్డ్ గైడెన్స్ క్లినిక్కుకు బడి కౌన్సెలర్లూ ఈ బృందాలే దారి చూపిస్తాయి. వర్క్ పాస్ మీద ఉన్న కుటుంబాలకు సర్కారు సబ్సిడీ ఉండదు, ఖర్చు భారమే. బడి కౌన్సెలర్‌తో మొదలుపెట్టడానికి అది ఇంకో కారణం.

రెండో భయం పోలీసులు. ఆత్మహత్యాయత్నం ఇక్కడ 2020 జనవరి 1 నుంచి నేరం కాదు. పిల్లను ఆసుపత్రికి తీసుకెళ్తే ఆ పిల్ల మీద కేసు పెడతారన్న భయంతో ఆలస్యం చేయకూడదు. మూడోది భవిష్యత్తు. ఉద్యోగానికి దరఖాస్తు చేసేవాళ్ళను పనికి సంబంధం లేకుండా మానసిక అనారోగ్యం గురించి అడగకూడదని 2020లోనే ఇక్కడి మార్గదర్శకాలు మారాయి. 2025 జనవరిలో పార్లమెంటు ఆమోదించిన చట్టం మానసిక అనారోగ్యం పేరిట ఉద్యోగంలో వివక్షను నిషేధిస్తుంది. పెళ్ళి సంబంధాల భయానికి మాత్రం ఏ చట్టమూ మందు కాదు. దానికి మందు మన నోళ్ళలోనే ఉండాలి.

ఇదేదో ఒకటి రెండు ఇళ్ళ గొడవని కొట్టిపారేయలేం. సింగపూరులో పదిహేను నుంచి ముప్పై ఐదేళ్ళ వాళ్ళ మీద జరిపి 2024లో ప్రకటించిన జాతీయ సర్వేలో 30.6 శాతం మందికి దిగులో ఆందోళనో ఒత్తిడో తీవ్రంగా ఉన్నట్టు తేలింది. వాళ్ళందరికీ బీపీడీ ఉందని కాదు, చాలామందికి ఉండదు. కానీ బాధపడుతున్న పిల్లతో ఎలా మాట్లాడాలన్నది అన్ని ఇళ్ళకూ పనికొచ్చే చదువే.

అందుకే మిమ్మల్ని అడుగుతున్నది ఇది. తల్లిదండ్రులకు తెలుగులో ఒక శిక్షణ పెట్టండి. దీనికి నమూనా ఉంది. అమెరికాలో బీపీడీ రోగుల కుటుంబాలు, వైద్యులు కలిసి పెట్టుకున్న సంస్థ ‘ఫ్యామిలీ కనెక్షన్స్’ అనే పన్నెండు వారాల ఉచిత కోర్సు నడుపుతోంది. నేర్పేవాళ్ళలో చాలామంది ఇదే కష్టం పడ్డ తల్లిదండ్రులే, శిక్షణ పొంది నేర్పుతారు. మనం కూడా తెలుగు వచ్చిన సైకాలజిస్టును ఒకరిని పర్యవేక్షణకు పెట్టుకుని, పది కుటుంబాలతో, శనివారాల్లో మొదలుపెట్టవచ్చు. ఏ మాటకు బదులు ఏ మాట అనాలో తెలుగులో రాసిన చిన్న పుస్తకం అందరికీ ఇవ్వొచ్చు. ఇక్కడే పుట్టి పెరిగిన కాలేజీ పిల్లలతో దాన్ని చదివించి, ‘ఇలా అంటే మేం వింటాం, ఇలా అంటే వినం’ అని వాళ్ళచేతే దిద్దించాలి.

ఒక నిబంధన మాత్రం ముందే పెట్టుకోవాలి. మన సమాజం చిన్నది, అందరికీ అందరూ తెలుసు. శిక్షణకు వచ్చినవాళ్ళ పేర్లు కార్యవర్గానికి కూడా తెలియకూడదు. నమోదు సైకాలజిస్టు దగ్గరే జరగాలి. ఫొటోలు వద్దు, వాట్సాప్ గ్రూపు వద్దు, వేదికమీద ‘వచ్చిన తల్లిదండ్రులకు అభినందనలు’ అసలే వద్దు. ఈ గుట్టు నిలబడకపోతే రెండో వారానికి ఎవరూ రారు.

రెండో పని డబ్బు లేకుండా అయ్యేది. ఉగాది ఆహ్వానాల్లో, కార్యక్రమాల కరపత్రాల్లో మూడు నంబర్లు వేయించండి. సమారిటన్స్ ఆఫ్ సింగపూర్ 1767, జాతీయ మైండ్‌లైన్ 1771, ప్రాణాపాయముంటే అంబులెన్సుకు 995. మొదటి రెండూ రాత్రీ పగలూ పలుకుతాయి.

తెలుగును బళ్ళలో మాతృభాషగా చేర్చమని అడగడం అవసరమే, అది సాగాలి. కానీ ఏ భాషలో ఓదార్పు దొరికిందో ఆ భాషనే పిల్లలు తమదనుకుంటారు. ఇంట్లో తెలుగు భయపెట్టే భాషగా మిగిలితే బళ్ళో దానికి చోటొచ్చినా ఎంచుకునే పిల్ల ఉండదు. కాబట్టి ఇది సమాజం అసలు పనికి బయటిదని నేననుకోవడం లేదు.

వచ్చే కార్యవర్గ సమావేశంలో ఈ విషయానికి పావుగంట ఇవ్వండి. పుస్తకం తెలుగులో రాసిపెట్టే పని నేను చేస్తాను, దిద్దడానికి సైకాలజిస్టును వెతికే పనిలోనూ తోడుంటాను. అవునంటే ఏ నెలలో మొదలో చెప్పండి. కుదరదంటే ఎందుకు కుదరదో రాయండి. డబ్బో, చోటో, మనుషులో కారణమైతే సభ్యులందరం కలిసి తీర్చుకోగలిగేవే అవి.

ఇట్లు,
సమాజ సభ్యురాలు, ఒక తల్లి
పుంగోల్, సింగపూరు